రెండో సీసీఐ గురించి రైతుకు చెప్పేదెవరు?

రాయచూరు పత్తి మార్కెట్లో 'సీసీఐ' అంటే ఏమిటని అడిగితే హమాలీ సైతం టక్కున చెబుతాడు. మద్దతు ధరకు పత్తి కొనే కాటన్ కార్పొరేషన్. తేమ 12 శాతం దాటిందంటే బండిని వెనక్కి తిప్పేదీ అదే. ఆదోనిలో అడిగినా, ఆదిలాబాద్‌లో అడిగినా, మహారాష్ట్ర వైపు కిన్వట్‌లో అడిగినా ఇదే జవాబు.

ఢిల్లీలో ఇంకో సీసీఐ ఉంది. దాని పేరు కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా. అది పత్తి కొనదు, కాటా వేయదు. మార్కెట్లో పోటీ సవ్యంగా ఉందో లేదో చూడటం దాని పని. పెద్ద కంపెనీలు కలిసిపోతామంటే సరేననో, కూడదనో, ఫలానా షరతులకు ఒప్పుకుంటేనే అనో తేల్చడం కూడా దాని పనే. పత్తి అమ్ముకునే రోజున రైతుకు మొదటి సీసీఐతో పని పడుతుంది. విత్తనం కొనే రోజున, తనకు తెలియకుండానే, రెండో సీసీఐతో పని పడుతుంది. పేర్ల తికమక లేకుండా ఇక్కడ దాన్ని పోటీ కమిషన్ అనడమే మేలు.

ఈ పోటీ కమిషన్ 2018 జూన్‌లో ఒక ఉత్తర్వు ఇచ్చింది. జర్మనీకి చెందిన బేయర్, అమెరికాకు చెందిన మోన్‌శాంటోను కొనుక్కోవడానికి షరతుల మీద ఒప్పుకుంది. ఆ షరతుల్లో ఒకటి పత్తి రైతుకు నేరుగా తగిలేది. తమ చేతిలో ఉన్న విత్తన జన్యు గుణాలను న్యాయమైన, సహేతుకమైన, వివక్ష లేని నిబంధనల మీద, ఏ ఒక్కరికో కట్టబెట్టకుండా, ఏడేళ్ల పాటు ఇతర కంపెనీలకు లైసెన్సుకు ఇవ్వాలన్నది ఆ షరతు. 2018 నుంచి లెక్కేస్తే ఏడేళ్లు 2025తో నిండాయి. మరి ఆ తర్వాత?

ఈ ప్రశ్న సింధనూరు క్యాంపుల్లో గానీ, బళ్లారి రైతు సంఘాల్లో గానీ, యవత్మాల్ పత్తి చేలల్లో గానీ పెద్దగా వినపడలేదు. అందుకు రైతును తప్పుపట్టి లాభం లేదు. ఆ కాగితం ఆయన దాకా రానేలేదు. వచ్చినా ఆయన చదివే భాషలో ఉండదు.

పేటెంటు పొలమైతే లైసెన్సు కౌలు

విషయం కొరుకుడు పడనిదేమీ కాదు. తుంగభద్ర కాలువల కింద కౌలు అంటే తెలియని వాళ్లుండరు. పేటెంటును పొలం అనుకుంటే లైసెన్సు కౌలు కాగితం లాంటిది. పురుగును తట్టుకునే జన్యువు ఒక కంపెనీ సొత్తు. పత్తి సంకరాలు తయారుచేసి అమ్మే కంపెనీలు వేరు. ఆ జన్యువును తమ విత్తనంలో పెట్టుకోవాలంటే అవి సొంతదారుకు గుత్త కట్టాలి. ఆ గుత్తకే రాయల్టీ అని, ట్రెయిట్ ఫీజు అని పేర్లు. కట్టేది విత్తన కంపెనీయే అయినా, అది తన చేతి నుంచి పెట్టుకోదు. ప్యాకెట్ ధరలో కలిపి రైతు దగ్గర రాబడుతుంది.

ఊళ్లో భూమి ఒక్కడి చేతిలోనే ఉంటే కౌలు ఎలా పెరుగుతుందో రైతుకు వేరే చెప్పాలా? బీటీ పత్తిలో అదే జరిగింది. 2002 మార్చిలో కేంద్రం బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. మోన్‌శాంటో, జాల్నాకు చెందిన మహికో సగం సగం వాటాతో పెట్టుకున్న మహికో మోన్‌శాంటో బయోటెక్ కంపెనీ ఆ జన్యువును లైసెన్సుకు ఇచ్చేది. సేలం జిల్లా ఆత్తూరులోని రాశీ, నాగపూర్‌లోని అంకుర్, హైదరాబాద్‌లోని నూజివీడు సీడ్స్, ఇలా నలభైకి పైగా కంపెనీలు ఆ గడపలోకి వెళ్లి సంతకాలు పెట్టాయి. కొన్నేళ్లకే దేశంలో పత్తి సాగు 90 శాతానికి పైగా ఆ జన్యువు మీదికి చేరింది. దుకాణంలో ప్యాకెట్ల మీద బొమ్మలు వందరకాలు, లోపలి గుణం మాత్రం ఒక్కరిదే.

రూ.1,250 ముచ్చట

మొదట్లో 450 గ్రాముల ప్యాకెట్ రూ.1,600 పైచిలుకు పలికింది. అందులో జన్యువు కోసం కట్టేదే రూ.1,250. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో అప్పటి గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్, అంటే ఎంఆర్‌టీపీసీ తలుపు తట్టింది. ఒక రాష్ట్ర ప్రభుత్వం విత్తన రాయల్టీ మీద అలా పోరాడటం చిన్న సంగతి కాదు. 2006 మేలో కమిషన్ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. చైనాలో వసూలు చేస్తున్న తీరులో ఇక్కడా సహేతుకంగా తగ్గించాలన్నది దాని సారాంశం. రాష్ట్రం ప్యాకెట్ ధరను రూ.750గా ఖరారు చేసింది. కంపెనీ సుప్రీంకోర్టుకు వెళ్లినా స్టే దొరకలేదు. తర్వాత కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర కూడా ఆ బాటే పట్టాయి. 2007లో ఆంధ్రప్రదేశ్ పత్తి విత్తనాల ధరలకు ప్రత్యేక చట్టమే చేసుకుంది.

అంటే హైదరాబాద్‌లో మొదలైన పోరాటం ఫలితం సరిహద్దు దాటి రాయచూరు రైతుకూ, కోవిల్‌పట్టి నల్లరేగడిలో పత్తి వేసే తెలుగు రైతుకూ అందింది. అయినా చాలా కాలం రాష్ట్రానికో రేటు నడిచింది. 2015లో సైతం ఒకచోట రూ.830, ఇంకోచోట రూ.1,000. ఆ ఏడాది డిసెంబరులో కేంద్రం నిత్యావసర సరుకుల చట్టం కింద పత్తి విత్తన ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. 2016లో బోల్‌గార్డ్-2 ప్యాకెట్ రూ.800, అందులో రాయల్టీ రూ.49. అంతకుముందు అదే రాయల్టీ రూ.163. 2018లో అది రూ.39కి, 2019లో రూ.20కి దిగి, 2020లో సున్నా అయింది. పేటెంటు గడువు అప్పటికే, 2019లోనే, తీరిపోయింది.

కాగితంలో కనిపించని కట్టుబాట్లు

రేటు ఒక్కటే గొడవైతే ఇక్కడితో కథ ముగిసేది. అసలు బిగింపు ఒప్పందం కాగితంలో ఉంది. చేరేటప్పుడే తిరిగి రాని సొమ్ము రూ.50 లక్షలు కట్టాలి. ప్యాకెట్ ప్యాకెట్‌కూ రాయల్టీ అదనం. పోటీ టెక్నాలజీ జోలికి వెళితే కబురు పెట్టాలి. ఒప్పందం తెగితే కఠినమైన నిబంధనలు మీద పడతాయి. ఇంటికి అద్దె తీసుకునేవాడు, 'పక్కింట్లో భోజనానికి వెళ్లినా నాకు చెప్పాలి' అన్నట్టుంది ఆ తీరు.

రాయల్టీ ఒప్పందం ప్రకారమా, ప్రభుత్వం చెప్పినట్టా అన్న తగాదా ముదిరి, 2015 నవంబరులో నూజివీడు సీడ్స్ లైసెన్సు రద్దయింది. కేంద్ర వ్యవసాయ శాఖ, నూజివీడుతో పాటు మరికొన్ని కంపెనీలు పోటీ కమిషన్‌కు ఎక్కాయి. 2016 ఫిబ్రవరిలో కమిషన్, ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేసినట్టు ప్రాథమికంగా కనిపిస్తోందని, ఒప్పందం రద్దు షరతులు మరీ కఠినంగా ఉన్నాయని అంటూ దర్యాప్తుకు ఆదేశించింది. తాము చట్టం ప్రకారమే నడుచుకున్నామన్నది మోన్‌శాంటో వాదన.

ఇందులో రైతుకేం పని అనుకోవడానికి లేదు. గద్వాల నడిగడ్డలో, కర్నూలు పల్లెల్లో వేలాది కుటుంబాలు కంపెనీలకు విత్తన పత్తి పండిస్తాయి. మగ పూల పుప్పొడి ఆడ పూలకు చేత్తో అంటించే క్రాసింగ్ పనికి కృష్ణ దాటి అటునుంచి ఇటు, ఇటునుంచి అటు కూలీలు వెళ్తారు. లైసెన్సు రద్దయితే ఆ కంపెనీ ఆ గుణమున్న విత్తనం అమ్మడానికి లేదు. అప్పుడు ఆర్గనైజర్ మాట నమ్మి క్రాసింగ్ చేయించిన రైతు ఎవరిని అడగాలి? ఢిల్లీలో తెగిన కాగితానికి నడిగడ్డలో ఉరి బిగుస్తుంది.

ఆరు గడపలు నాలుగయ్యాయి

ఇదిలా ఉండగానే ప్రపంచ విత్తన వ్యాపారంలో కలయికలు మొదలయ్యాయి. డౌ, డ్యూపాంట్ 2017లో ఒకటయ్యాయి. చైనా ప్రభుత్వ కంపెనీ కెమ్‌చైనా అదే ఏడాది సింజెంటాను కొంది. 2018 జూన్‌లో బేయర్ చేతికి మోన్‌శాంటో వచ్చింది. బేయర్ వదులుకోవాల్సి వచ్చిన వ్యాపారాల్లో పెద్దభాగం బీఏఎస్‌ఎఫ్‌కు చేరింది. విత్తనాలు, పురుగుమందుల్లో పేరున్న ఆరు పెద్ద కంపెనీలు నాలుగయ్యాయి. కౌలుకు తిరిగే గడపలు తగ్గితే కౌలుదారు బేరం ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

ఇలాంటి కలయికలను ముందే పరిశీలించే అధికారం పోటీ కమిషన్‌కు 2011 జూన్ నుంచి అమల్లో ఉంది. బేయర్ విషయంలో కమిషన్ మొక్కుబడిగా సంతకం పెట్టలేదన్నది ఒప్పుకోవాలి. మహికోలో మోన్‌శాంటోకు ఉన్న 26 శాతం వాటా వదులుకోవాలంది. గ్లూఫోసినేట్ కలుపు మందు వ్యాపారం, కొన్ని పత్తి, మొక్కజొన్న గుణాలు, కూరగాయ విత్తనాల వ్యాపారం అమ్మేయాలంది. ఇతరులను బయటికి నెట్టేలా రెండు మూడు సరుకులు జత కట్టి అమ్మకూడదంది. వీటితోపాటే ఆ ఏడేళ్ల లైసెన్సు షరతు.

జత కట్టడమంటే ఏమిటో సరిహద్దు రైతుకు బాగా తెలుసు. డీఏపీ కావాలంటే జింకు ప్యాకెట్ కూడా కొనాల్సిందేనని దుకాణంలో పట్టుబట్టడం ఎవరికి అనుభవం కాలేదు? కలుపు మందును తట్టుకునే విత్తనం, ఆ కలుపు మందు ఒకే చేతిలో ఉంటే ఆ లింకు పెద్దఎత్తున నడుస్తుంది. అందుకే కమిషన్ జాగ్రత్త పడింది. కానీ లైసెన్సు షరతుకు ఏడేళ్లే ఆయుష్షు పోసింది.

ఈ ఏడేళ్లలో జరిగిందేమిటి? బోల్‌గార్డ్-2 పాతబడింది. గుజరాత్‌లో మొదలై దక్షిణాది దాకా గులాబీ రంగు పురుగు దాన్ని ఖాతరు చేయడం మానేసింది. కొత్త గుణమేదీ చట్టబద్ధంగా రాలేదు. 2009 తర్వాత పత్తిలో రైతు సాగుకు అనుమతి దొరికిన కొత్త జన్యు గుణం లేదు. అంటే కొత్త సరుకు దుకాణానికి రాకముందే, దాన్ని అందరికీ న్యాయంగా పంచాలన్న షరతు గడువు తీరిపోయింది. గొడుగుకు వారంటీ ఎండాకాలంలో అయిపోయినట్టుంది ఈ వ్యవహారం.

కోర్టు మూసిన తలుపు

షరతు పోయినా, దుర్వినియోగం జరిగితే కమిషన్ ఉంది కదా అనిపించవచ్చు. అక్కడా చిక్కొచ్చింది. 2023 జులైలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం ఎరిక్సన్, మోన్‌శాంటో కేసులను కలిపి తీర్పు చెప్పింది. పేటెంటు లైసెన్సుల విషయంలో పేటెంట్ల చట్టమే సంపూర్ణమైనదని, అది పోటీ చట్టానికి పైన ఉంటుందని అంది. కమిషన్ దర్యాప్తు చెల్లదని కొట్టేసింది. అప్పటికే, 2021లో, నూజివీడు, బేయర్ రాజీ పడ్డాయి. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కమిషన్ అప్పీలును తోసిపుచ్చింది. 2016లో మొదలైన దర్యాప్తు తప్పుందో లేదో తేలకుండానే ముగిసింది.

కంపెనీలు రాజీ పడొచ్చు. అది వాటి హక్కు. కానీ ఆ రాజీలో రైతు పార్టీ కాడు. 2002 నుంచి ప్యాకెట్ ప్యాకెట్‌కూ సొమ్ము కట్టినవాడు రైతు. ఒప్పందం న్యాయమా అన్యాయమా అన్న ప్రశ్నకు ఆయనకు మాత్రం జవాబు దొరకలేదు.

పేటెంట్ల చట్టంలో దారి లేదని కాదు. పేటెంటు ఇచ్చి మూడేళ్లు దాటాక, సరుకు సహేతుకమైన ధరకు దొరకకపోతే, నిర్బంధ లైసెన్సు అడగవచ్చు. హైదరాబాద్‌కు చెందిన నాట్కో 2012లో ఆ దారిలోనే గెలిచింది. బేయర్ కేన్సర్ మందు నెక్సవార్‌కు నెలకు రూ.2.80 లక్షలయ్యే ఖర్చు రూ.8,800కు దిగింది. అయితే దేశంలో ఇంతవరకు ఇచ్చిన నిర్బంధ లైసెన్సు ఆ ఒక్కటే. ఒక్కసారి తెరుచుకున్న తలుపును రాజమార్గం అనలేరు కదా.

ధర తగ్గిస్తే చాలదా?

ప్రభుత్వం ఏటా ప్యాకెట్ ధర కడుతోంది, రాయల్టీ సున్నా చేసింది, ఇంకేం కావాలి అనేవాళ్లున్నారు. వాళ్ల మాటలో సగం నిజముంది. 2006 నుంచి ధరల కట్టడి రైతు జేబును కాపాడింది.

కంపెనీల మాటలోనూ కొంత నిజముంది. పరిశోధనకు ఏళ్లు, కోట్లు పడతాయి, రాబడి లేకపోతే కొత్తవి ఎవరు తెస్తారని అవి అడుగుతాయి. 2016 మేలో కేంద్రం లైసెన్సు ఒప్పందాలకు మార్గదర్శకాలు ప్రకటించి, గగ్గోలు లేవగానే వారం తిరక్కుండా వెనక్కి తీసుకుంది. అదే ఏడాది కలుపు మందును తట్టుకునే పత్తి కోసం పెట్టిన దరఖాస్తును కంపెనీ ఉపసంహరించుకుంది. సర్కారు గట్టిగా నిలబడలేదు, కంపెనీ సర్దుకోలేదు. మధ్యలో నష్టపోయింది చేలో ఉన్నవాడు.

ఖాళీ ఉన్నచోట దొంగ సరుకు దూరుతుంది. కలుపు మందును తట్టుకునే పత్తికి అనుమతి లేకున్నా మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పొలాల్లో అది మొలుస్తోంది. బిల్లు ఉండదు, లేబుల్ ఉండదు. మొలవకపోతే అడిగే దిక్కుండదు. "బిల్లెందుకప్పా, విత్తనం కావాల్నా బిల్లు కావాల్నా?" అనే మాటకు రైతు తలొంచాల్సి వస్తోంది.

ప్రభుత్వ విత్తనమైనా గట్టెక్కించిందా అంటే అదీ లేదు. నాగపూర్ పత్తి పరిశోధన సంస్థ, ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం పాలుపంచుకుని తెచ్చిన బికనేరి నర్మా బీటీ 2009లో రైతుకు చేరింది. అది సంకరం కాదు, రైతు తిరిగి దాచుకునే రకం. రాయల్టీ బెడద ఉండేది కాదు. కానీ అందులో మోన్‌శాంటో జన్యువు కలిసిందని తేలి అదే ఏడాది ఆగిపోయింది. సర్కారు సొంతంగా వేసుకున్న ఒక్క బాటా అలా మూసుకుపోయింది.

అందుకే ధర కట్టడి ఒక్కటే మందు కాదు. రైతుకు కావాల్సింది తక్కువ రేటుతో పాటు నాలుగు చోట్ల దొరికే సరుకు. అది పోటీ ఉంటేనే వస్తుంది. పోటీ కాపాడేవి రెండే: కలయికల మీద కమిషన్ పెట్టే షరతులు, లైసెన్సు ఒప్పందాల మీద నిఘా. మొదటిదాని గడువు తీరింది, రెండోదాన్ని కోర్టు తీర్పు ఆపేసింది.

చేయాల్సినవి

ఒకటి, విత్తన కంపెనీల కలయికలకు షరతు పెట్టేటప్పుడు క్యాలెండర్ లెక్క సరిపోదు. కొత్త గుణం మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి ఇన్నేళ్లని లెక్క ఉండాలి. బేయర్ ఏడేళ్ల షరతు ఎంతవరకు అమలైందో పోటీ కమిషన్ ఒక నివేదిక ఇస్తే, అసలు ఆ షరతు వల్ల ఎవరికేం ఒరిగిందో తెలుస్తుంది.

రెండు, పేటెంటు చట్టం, పోటీ చట్టం ఎక్కడ కలవాలో, ఎక్కడ విడిపోవాలో పార్లమెంటే తేల్చాలి. 2023లో పోటీ చట్టాన్ని సవరించారు. కలయికల పరిశీలన గడువును 210 రోజుల నుంచి 150 రోజులకు కుదించారు. కంపెనీల తొందర తీర్చినవారు రైతు సందేహం కూడా తీర్చాలి.

మూడు, భాష. బేయర్-మోన్‌శాంటో కలయిక మీద అభ్యంతరాలుంటే చెప్పమని ప్రజలను పిలిచారు. ఇచ్చిన వ్యవధి 15 పనిదినాలు. రాయచూరులో కన్నడ బోర్డు కింద తెలుగు మాట్లాడే రైతుకు ఆ ఇంగ్లిషు ప్రకటన కంటపడేదెప్పుడు, అర్థమయ్యేదెప్పుడు? విత్తనానికి సంబంధించిన కలయిక అయితే కన్నడ, తెలుగు, మరాఠీ, తమిళ, ఒడియా పత్రికల్లో ప్రకటన రావాలి. కృషి కేంద్రాల్లో, రైతు సంపర్క కేంద్రాల్లో అంటించాలి. పెద్ద ఖర్చేమీ కాదు.

నాలుగు, రాష్ట్రాలు కలిసి కదలాలి. 2006లో ఒక రాష్ట్రం ధైర్యం చేస్తే పొరుగు రాష్ట్రాలకు దారి దొరికింది. కృష్ణకు అటూ ఇటూ పత్తి ఒకటే, పురుగు ఒకటే, విత్తన కంపెనీ ఒకటే. అడిగే గొంతు మాత్రం రాష్ట్రానికొకటిగా చీలిపోయింది. కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర వ్యవసాయ మంత్రులు ఒక్క బల్ల దగ్గర కూర్చుని పోటీ కమిషన్‌కు ఒక్క లేఖ రాసినా దాని బరువు వేరు.

ఐదు, సరిహద్దు తెలుగు సంఘాలు. ఉగాదికి కవి సమ్మేళనం, సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టే ఓపిక ఈ సంఘాలకుంది. మంచిదే. ఏడాదికొకసారి విత్తనాల సీజన్‌కు ముందు ఒక వకీలును, ఒక వ్యవసాయ శాస్త్రవేత్తను పిలిచి ఈ కాగితాలు తెలుగులో చదివించినా భాషకు సేవే. మాతృభాషలో బిల్లు అడగడం, మాతృభాషలో అభ్యంతరం రాయడం కూడా భాషను బతికించుకోవడమే.

వచ్చే తొలకరికి మళ్లీ దుకాణాల ముందు బారులు తీరుతాయి. ప్యాకెట్ మీద అచ్చేసిన రేటు రైతు చూసుకుంటాడు. ఆ రేటు వెనకున్న కౌలు కాగితం కూడా చూపించమని అడగాల్సిన రోజు వచ్చింది. కొత్త విత్తనం దుకాణానికి చేరాక అడిగితే ఆలస్యమవుతుంది. అది రాకముందే, ఇప్పుడే అడగాలి.